మామగారి కారు, అల్లుడి కవచం

ఆ ఉదయం ఇంజనీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారి కొత్త ఎలక్ట్రిక్ కారును తనతో పాటు ఆఫీసుకు తీసుకెళ్లాలి. దాని బ్యాటరీకి తాను తయారుచేసిన కవచం బిగించాలి. సాయంత్రానికి గీత పడకుండా తెచ్చి అప్పగించి, మామగారి నోటి నుంచి ఒక్క మంచి మాట వినాలి. పథకం మొత్తంలో కష్టమైన భాగం ఈ చివరిదే.

ఇంజనీరు పనిచేసేది కార్లను కావాలని గుద్దించి చూసే ప్రయోగశాలలో. ప్రమాదంలో బ్యాటరీ నలిగితే మంటలు అంటుకుంటాయి కాబట్టి, దెబ్బ దానిదాకా రాకుండా అడ్డుకునే కవచాలు తయారుచేయడం అతని పని. ఇదంతా అతను చాలాసార్లు విడమరిచి చెప్పాడు. అయినా మామగారి మనసులో ఒకటే ముద్ర పడిపోయింది. తన అల్లుడు కార్లు విరగ్గొట్టి జీతం తెచ్చుకుంటాడు.

మామగారికి ఆ తెల్ల కారు ప్రాణంతో సమానం. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. తలుపుల అంచులకు స్పాంజి ముక్కలు కట్టారు. పార్కింగులో పక్క బండ్లవాళ్లు దూరంగా ఉండాలని పసుపు, నలుపు రంగుల గుండ్రటి స్టిక్కర్లు తెప్పించి, స్కేలు పెట్టి కొలిచి మరీ కారు చుట్టూ అతికించారు. అలాంటి మనిషి తాళం ఇవ్వడానికి ఒప్పుకున్నారంటే కారణం ఒక స్పీడ్ బ్రేకరు. మొన్న దాని మీదుగా వెళ్తుంటే కారు అడుగున ఏదో గీరుకుంది. అప్పటి నుంచి బ్యాటరీకి ఏమైందోనని ఆయనకు కంటి మీద కునుకు లేదు.

"రివర్సు చేసేటప్పుడు వెనక్కి చూసుకోండి అల్లుడుగారూ. ముందుకు వెళ్లేటప్పుడు కూడా చూసుకోండి" అన్నారు, తాళం చేతిలో పెట్టి వదలకుండా.

"ముందు మీరు ఆ తాళం వదలండి. అతను ఆఫీసుకు వెళ్లొద్దూ?" అన్నారు అత్తగారు లోపలి నుంచి.

ప్రయోగశాల షెడ్డులో ఇంజనీరు కారును లిఫ్టు మీద పైకెత్తించాడు. గళ్లుగళ్లుగా ఉన్న అల్యూమినియం పలకను బ్యాటరీ కిందా, గట్టి చట్రాన్ని దాని చుట్టూ మెకానిక్ చేత బిగించి, ప్రతి బోల్టునూ తన చేత్తో ఒకసారి తిప్పి చూసుకున్నాడు. పక్కనే అచ్చం అలాంటిదే ఇంకో తెల్ల కారు ఉంది. దానికీ అదే కవచం ఉంది. మధ్యాహ్నం పరీక్షలో ఇనుప స్తంభానికి గుద్దించబోయేది దాన్నే. పని ముగించుకుని, ఫోను బయట ట్రేలో పెట్టి, ఇంజనీరు నిశ్చింతగా మీటింగుకు వెళ్లాడు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. గుద్దించే కారుకు ముందుగా పసుపు, నలుపు గుండ్రటి స్టిక్కర్లు వేస్తారు. దెబ్బకు ఏ భాగం ఎంత జరిగిందో కెమెరాలు వాటిని బట్టే కొలుస్తాయి. అందుకని కార్లను పరుగెత్తించి గుద్దించే ట్రాక్ ఇన్‌చార్జి ఏనాడూ కాగితం చూడడు, నంబరు చూడడు. స్టిక్కర్లున్న కారును తోసుకుపోవడమే. కానీ స్టిక్కర్లు వేసే మనిషికి ఆ రోజు జ్వరం. అతను రాలేదన్న కబురు ఇన్‌చార్జి దాకా చేరలేదు.

"ఈసారి స్టిక్కర్లు ఎంత నీటుగా వేశాడో చూడండ్రా. ఒక్కటి కూడా వంకర లేదు" అని ఇన్‌చార్జి మామగారి కారు చుట్టూ తిరిగి మురిసిపోయాడు. "ఈ స్పాంజి చెత్త ఎవరు కట్టారు? పీకెయ్యండి."

స్పాంజి పీకేశారు. నంబరు ప్లేట్లు ఊడదీశారు. తలుపు మీద పెద్ద అక్షరాలతో పరీక్ష నంబరు రాశారు. ముఖానికి రంగు పూసిన బొమ్మ మనిషిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించారు. స్టిక్కర్లు లేని రెండో కారు ఎవరో పెద్ద ఆఫీసరుది అయ్యుంటుందని, దాన్ని నీడలో పెట్టి తడిగుడ్డతో తుడిచి మర్యాద చేశారు.

ఇంట్లో మామగారు కాలు నిలవక అటూ ఇటూ తిరిగి, చివరికి బస్సెక్కి ప్రయోగశాల గేటు ముందు దిగారు.

"ఎవరు కావాలండీ?" అన్నాడు సెక్యూరిటీ మనిషి.

"ఎవరూ అక్కర్లేదు. కారు నాది. ఏం చేస్తున్నారో చూసుకోవాలి" అన్నారు మామగారు.

ఆ రోజు పరీక్షకు కార్ల కంపెనీ నుంచి పెద్దాయన ఒకరు రావాల్సి ఉంది. ఆయన రైలు అందక ఎక్కడో ఆగిపోయిన సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. కారు తాలూకు పెద్దాయన వచ్చారని గేటు నుంచి ఫోను రాగానే, మేనేజరు చొక్కా సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"నా భయమంతా బ్యాటరీ గురించేనండీ" అన్నారు మామగారు.

"మా భయమూ అదే సార్. ముందు ఒక పరీక్ష చూడండి, తర్వాత కారు దగ్గరికి వెళ్దాం" అన్నాడు మేనేజరు వినయంగా.

అల్లుడికి ఇక్కడ ఇంత పరపతి ఉందా అని మామగారు లోలోపల ఆశ్చర్యపోయారు. ట్రాక్‌కు దూరంగా ఉన్న గాజు గదిలో ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. తలకు హెల్మెట్ పెట్టారు. కాఫీ ఇచ్చారు. ఆఖరికి కారును స్తంభం మీదికి వదిలే ఎర్ర బటన్ ఉన్న పెట్టెను ముందుకు జరిపి, "మీ చేతులమీదుగా సార్" అన్నారు.

అతిథి వచ్చేశారని పరీక్ష ముందుకు జరిపారు. ఆ మాట విని ఇంజనీరు మీటింగు నుంచి హుషారుగా ట్రాక్ పక్కకు వచ్చాడు. నీడలో తళతళలాడుతూ పరీక్ష కారు కనబడింది. మరి ట్రాక్ మీద ఉన్నదేమిటని అటు చూశాడు. బొమ్మ మనిషి ప్లాస్టిక్ కవరున్న సీట్లో కూర్చుని ఉంది.

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. ఆపమనడానికి గాజు గది వైపు పరుగెత్తాడు. అద్దం వెనక, బటన్ మీద వేలు పెట్టుకుని, హెల్మెట్‌తో మామగారు. లోపలికి ఒక్క మాట వినబడదు. ఇంజనీరు రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. గెంతాడు. కారు వైపు చూపించాడు.

"మా అల్లుడు నొక్కమంటున్నాడు" అంటూ మామగారు మురిపెంగా నొక్కేశారు.

పెళ్లయ్యాక అల్లుడి మాట ఆయన విన్నది అదే మొదటిసారి.

కారు పక్కవాటుగా దూసుకెళ్లి స్తంభాన్ని కొట్టుకుంది. తలుపు లోపలికి ముడుచుకుపోయింది, అద్దాలు రాలాయి, ఒక చక్రం తన దారిన తాను దొర్లుకుంటూ పోయింది. అందరూ ఊపిరి బిగబట్టి వేడిని చూపించే తెరకేసి చూశారు. పొగ లేదు, మంట లేదు. కవచం ఒకవైపు నలిగి దెబ్బనంతా తనలోకి తీసుకుంది. బ్యాటరీ పెట్టె మాత్రం చెక్కుచెదరలేదు. షెడ్డంతా చప్పట్లతో మారుమోగింది. ఇంజనీరు ఒక్కడే గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

మామగారు హెల్మెట్‌తోనే వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఇన్నాళ్లూ మీది విరగ్గొట్టే ఉద్యోగమనుకున్నాను అల్లుడుగారూ. కాపాడే ఉద్యోగమని ఇవాళ తెలిసింది. ఎవరి కారో పాపం, మనదానిలాంటిదే, తుక్కయింది. కానీ బ్యాటరీ చూడండి, ఇవాళ కొన్నట్టుంది. మా అమ్మాయి అదృష్టవంతురాలు."

కోరుకున్నది ఒక్క మంచి మాట. వచ్చినవి ఇన్ని.

"ఆ కవచమేదో మన కారుకూ పెట్టించండి" అన్నారు మామగారు.

"పెట్టించాను మామగారూ. పొద్దున్నే."

"ఏదీ, మన కారెక్కడ?"

ఇంజనీరు వేలు ట్రాక్ వైపు లేచింది.

మామగారు దగ్గరికి వెళ్లి, వంగి, మిగిలిన ఒక స్టిక్కరును తడిమి చూశారు. విషయం అర్థమైన మేనేజరు ముఖం పాలిపోయింది. అతను పరుగున వెళ్లి రెండో కారు తాళం తెచ్చి, రెండు చేతులతో పట్టుకుని, "ఇది ఇంకా రోడ్డెక్కలేదు సార్. కవచం కూడా బిగించే ఉంది. ఇక నుంచి ఇది మీదే" అన్నాడు. ఇన్‌చార్జి తల వంచుకుని స్పాంజి ముక్కలు ఏరి తెచ్చాడు.

మామగారు కొత్త కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. అడుగుకు వంగి కవచాన్ని వేలితో తట్టి చూశారు. తర్వాత అల్లుడి భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్లి, గొంతు బాగా తగ్గించారు.

"మీ అత్తగారితో మాత్రం ఆ బటన్ మీరే నొక్కారని చెబుదాం."