లోర్నా జారిన గది

బ్రాంక్స్‌లోని టింటన్ అవెన్యూలో, మా బిల్డింగు కింది కమ్యూనిటీ గదిలో, 1974 ఆగస్టులో ఒక శనివారం సాయంత్రం హిప్ హాప్ నృత్యం పుట్టినదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. పక్క బిల్డింగువాళ్ళు తమ గదిలోనే పుట్టిందంటారు. వాళ్ళ మాటకేం లెండి.

ఆ గదిలో పట్టేది అరవై మంది. అగ్నిమాపక శాఖవారి బోర్డు ఇప్పటికీ గోడమీద ఉంది. ఆ సాయంత్రం అక్కడ స్వయంగా ఉన్నామని ఇప్పటివరకు ప్రమాణం చేసి చెప్పినవారు నాలుగువేల నూటపదకొండు మంది. వీరిలో కొందరు అప్పటికి పుట్టనేలేదు. బ్రాంక్స్‌లో దీన్ని ఎవరూ అభ్యంతరంగా భావించరు.

ఈ చారిత్రక ఘట్టాన్ని రంగస్థలం మీదికి ఎక్కించాలని మన్‌హాటన్ నాటక సంస్థ ఒకటి సంకల్పించింది. దర్శకుడు ప్రెస్కాట్ విన్‌గేట్. కనెక్టికట్‌లో గుర్రాల మధ్య పెరిగిన మనిషి. మా వీధి మీద అతనికున్నంత ప్రేమ మాలో ఎవరికీ లేదు. మేం అక్కడ బతకాలి కదా! సలహాసంఘంలో నన్ను ‘సమాజ ప్రతినిధి నంబరు ఆరు’గా నియమించారు. నా విధి తల ఊపడం. దానికి రెండురోజులు శిక్షణ కూడా ఇచ్చారు.

సంఘంలో నిజంగా విషయం తెలిసిన మనిషి ఒక్కతే, ఎర్నెస్టీన్ వార్డ్‌లా. ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైంది. ఆ సాయంత్రం ఆమెకు పదిహేనేళ్ళు, చెల్లెలు లోర్నాకు పదమూడు. పాటలో గొంతులు ఆగిపోయి డ్రమ్ములు మాత్రమే మిగిలే చోటు ఒకటి వస్తుంది. పిల్లలంతా వలయంగా నిలబడి దానికోసమే కాచుకుని ఉండేవారు. ఆ చోటు రాగానే లోర్నా వలయం మధ్యలోకి దూకింది. బూటు అడుగు ఊడింది. అప్పుడే తుడిచిన నేల, జర్రున జారింది. పడాల్సిన పిల్ల పడలేదు. ఒక చెయ్యి నేలకానించి గిర్రున తిరిగి లేచి, కావాలనే చేసినట్టు చేతులు కట్టుకుని నిలబడింది. మరుసటి వారానికల్లా వీధి వీధంతా అలాగే జారుతోంది. లోర్నా ఇరవైమూడేళ్ళకే ఉబ్బసంతో పోయింది. ఆమె జారుడు ప్రపంచమంతా తిరిగొచ్చింది గానీ ఆమె పేరు మా గది గడప దాటలేదు.

మొదటి సమావేశంలోనే ఎర్నెస్టీన్ తేల్చి చెప్పింది.

“నాకు పూలగుత్తి వద్దు, ఫలకం వద్దు. స్టేజీ మీద ఒక్కసారి మా చెల్లి పేరు పలకండి. లోర్నా. రెండక్షరాలేగా, నోరేం నొప్పెట్టదు.”

“తప్పకుండా!” అన్నాడు ప్రెస్కాట్, గుండె మీద చెయ్యి వేసుకుని. అతను గుండె మీద చెయ్యి వేస్తే ఆ పని జరగదని మాకు అప్పటికి తెలియదు.

మొదటి ప్రతిలో లోర్నా ఉంది. రెండో ప్రతికి, కథకు బలం చేకూరుతుందని, లియో అనే కుర్రాడైంది. మూడో ప్రతికి మనుషులు మరీ మామూలుగా ఉన్నారని నేల తుడిచే కర్రగా మారింది.

“మా చెల్లి మాపుకర్ర ఎప్పుడైందయ్యా?” అంది ఎర్నెస్టీన్.

“అమ్మా, లోర్నా వ్యక్తి కాదు. ఆమె ఒక ఘర్షణ! నేలకూ, కాలానికీ మధ్య జరిగిన సంభాషణ!” అన్నాడు ప్రెస్కాట్. నేను తల ఊపాను.

నాలుగో ప్రతిలో వీధి ఆత్మగా స్థిరపడింది. వెండిరంగు దుస్తుల్లో ఒక అమ్మాయి తాడుమీద పైనుంచి దిగుతుంది. ఏమీ మాట్లాడదు.

జారుడు నేర్పడానికి డెన్మార్క్ నుంచి నిపుణుణ్ణి రప్పించారు. పదకొండు రోజుల శిక్షణ తరువాత నటులందరూ జారకుండా చక్కగా నడవగలిగారు. తడినేలకు బీమావాళ్ళు ఒప్పుకోలేదు గనుక తడిని నీలంరంగు దీపంతో సూచించారు. ఆ రోజుల్లో మా వాళ్ళు వీధి దీపస్తంభం మూత ఊడదీసి, అందులోంచి స్పీకర్లకు కరెంటు లాగేవారు. నాటకంలో ఉత్తుత్తి స్తంభం పెట్టడానికి మూడు శాఖల అనుమతి పట్టింది. ఇక ఆ సాయంత్రం మోగిన రికార్డు ఏదో తేలలేదు. పోటీవాళ్ళకు తెలియకూడదని, ఆ రోజు రికార్డులు వేసిన హెక్టర్ కిన్యోనెస్ అప్పట్లోనే దాని మీది పేరు కాగితాన్ని స్నానాల తొట్టిలో నానబెట్టి పీకేశాడు. ఇప్పుడు పేరు చెప్పమంటే, “రహస్యం” అంటాడు. మరిచిపోయానని మాత్రం ఒప్పుకోడు.

ప్రెస్కాట్ చేసిన ఘనకార్యాలు ఇంకా రెండున్నాయి. మొదటి ప్రదర్శనకు, ఆ సాయంత్రం గదిలో ఉన్నవారందరికీ ఉచిత ప్రవేశమని ప్రకటించాడు. రెండోది, చివరి రంగంలో నటులు వలయంగా నిలబడగానే నాయకుడు జనంలోకి చూసి, “ఇంకెవరున్నార్రా?” అని అరవాలి. ఆ తరువాత ఉద్వేగం కోసం నాలుగు సెకన్ల మౌనం.

మా దగ్గర అది డైలాగు కాదు, పిలుపు. పిలిచాక లేవకపోతే బిల్డింగు పరువు పోతుంది. నాకు తెలుసు. చెప్పలేదు. నా విధి తల ఊపడం మాత్రమే.

శనివారం మధ్యాహ్నం ఆరువందల సీట్లూ ఆ అరవైమందితో నిండిపోయాయి. నాయకుడు అరిచాడు. రెండో సెకనుకు ఎర్నెస్టీన్ లేచింది. రెండు మోకాళ్ళూ మార్పించుకున్న మనిషి, చేతిసంచి పక్కావిడకిచ్చి, మెట్లెక్కి వలయం మధ్యకు నడిచింది.

“ఇది లోర్నాది,” అంది గట్టిగా. “లోర్నా వార్డ్‌లా. మా చెల్లి.”

జారింది. చెయ్యి ఆనింది. సగమే తిరిగింది. లేవలేక, కూర్చున్నచోటే చేతులు కట్టుకుని జనంకేసి చూసింది. నాకు తల ఊపడం గుర్తు రాలేదు. ఏడుపొచ్చింది.

“ఓసినీ! బస్సు కూడా ఇలాగే తిప్పేదానివా?” అని మూడో వరసలోంచి హెక్టర్ అరిచాడు. “అందుకే రోజూ నా స్టాపు దాటేసి పోయేది!”

“నీ మొహం చూసే ఆపేదాన్ని కాదురా! దమ్ముంటే రా!”

హెక్టర్ వచ్చాడు. అతని వెనుక ఊరంతా వచ్చింది. కర్రలతో, నడక చట్రాలతో, మనవలతో స్టేజీ నిండింది. “బీమా! బీమా!” అంటూ ప్రెస్కాట్ రెండు చేతులూ గుండె మీద వేసుకుని పరుగులు తీశాడు. నాటకం ముగియడానికి మూడు గంటలు ఆలస్యమైంది. వీధి ఆత్మ తాడుకు వేలాడుతోందని చివర్లో ఎవరికో గుర్తొచ్చింది.

మర్నాడు పత్రికలో సమీక్ష వచ్చింది. నటులు సహజంగా ఉన్నారట. ప్రేక్షకుల వేషాలు వేసినవారు మాత్రం బ్రాంక్స్ మనుషులంటే నమ్మశక్యంగా లేరట.

అదే ఉదయం నుంచి మా పేటలో లోర్నాను ఎరగనివాడు లేడు. ఆ జారుడు ఆమెకు నేర్పింది తామేనని నలుగురు పెద్దమనుషులు చెబుతున్నారు. హెక్టర్ అయితే నేల తుడిచింది తనేనంటున్నాడు. మెట్లమీద కూర్చుని ఎర్నెస్టీన్ అన్నీ వింటోంది.

“ఇన్ని అబద్ధాలు వింటూ ఊరుకున్నావేం అక్కా?” అన్నాను.

“ఆడనీరా. పేరు సరిగ్గా పలుకుతున్నారుగా, చాలు,” అంది.

చరిత్ర కోసం ఒక్క సవరణ. ఆ బూటు లోర్నాది కాదు, మా సొంత అక్కది. అడుగు ఊడుతుందే అని ఆ సాయంత్రం హెచ్చరించింది నేనే. నేను డెబ్భైఆరులో పుట్టానన్న సంగతి ఇక్కడ అప్రస్తుతం. కావాలంటే మిమ్మల్నే సాక్ష్యం అడుగుతాను. మీరూ అక్కడే ఉన్నారుగా, తలుపు పక్కన. నాకు బాగా గుర్తు.