యివెట్‌కి నెలనెలా

ఆ సోమవారం పొద్దున లవాన్ భర్త పెట్టె సర్దుతోంది. మెర్ల్‌కి నెబ్రాస్కాలో, ఇళ్ళని వెచ్చగా ఉంచే ఫర్నేసులు బాగుచేసే దుకాణం ఉంది. డెన్వర్‌లో సమావేశం, రెండు రోజుల్లో వచ్చేస్తానన్నాడు. ఎవరు ఊరు దాటినా లవాన్‌కి గుండె దడ. ఉన్ని మేజోళ్ళు అవసరానికి మించే పెట్టింది.

కోటు జేబులో మడిచిన కాగితం దొరికింది. నెవాడా కోర్టుది. పైన మెర్ల్ పేరు. రీనోలో ఉండే యివెట్ పికెట్‌కి, బిడ్డ పోషణ కోసం, నెలనెలా డబ్బు పంపాలట. పంపకపోతే మెర్లే పూచీ అట. రెండో పేజీ జేబులో లేదు.

లవాన్ మేజోళ్ళన్నీ తీసేసింది. తన పుట్టినరోజుకి ఫర్నేసు ఫిల్టరు తెచ్చిన మనిషి, ఎవరికో నెలనెలా పంపుతాడా? కాగితం మీద ఉన్న నంబరు యివెట్‌దే అనుకుని ఫోన్ చేసింది. ఆడగొంతు పలకగానే లవాన్ అందుకుంది.

"ఆయన్ని నువ్వే ఉంచుకో తల్లీ. గురక పెడతాడు, బీట్‌రూట్ ముట్టడు. కాకపోతే చలికాలం వెళ్ళాక తీసుకుపో."

అవతల ఉన్నది కోర్టు గుమాస్తా. ఇలాంటివి అలవాటేమో, నిదానంగా చెప్పింది. "అమ్మా, మీ ఆయన యజమాని మాత్రమే. కట్టాల్సింది ఆయన పనివాడు. పరాయి రాష్ట్రం ఉత్తరువైనా జీతంలోంచి కోసి పంపాలి, అంతే. పనివాడికి కాపీ ఇచ్చారా?"

ఇవ్వలేదు. నిలదీస్తే మెర్ల్ ఒప్పుకున్నాడు. పనివాడు డ్వేన్ పరువు పోతుందని దాచాడట. డెన్వర్ సమావేశం అబద్ధమట, నెవాడా జడ్జి ముందు తానే నిలబడి జవాబు చెప్పాలేమోనని బయలుదేరాడట. రెండో పేజీ దుకాణం సొరుగులో ఉందట.

లవాన్ ఆ ఊపులోనే దుకాణానికి వెళ్ళి రెండు పేజీలూ డ్వేన్ చేతిలో పెట్టింది. అతను అంకె చూడలేదు. పేరు చూశాడు, ఊరు చూశాడు.

"యివెట్ రీనోలో ఉందా వదినా? పాప కూడానా?"

తను రాసిన ఉత్తరాలన్నీ పాత చిరునామా నుంచి తిరిగొచ్చాయట. చేతులు తుడుచుకుని రీనోకి ట్రక్కెక్కాడు.

ట్రక్కు మలుపు తిరిగేదాకా లవాన్ చూస్తూ నిలబడింది. "నాకోసం మీరెప్పుడైనా అలా బండి తీశారా?" అంది. వెనకే వచ్చిన మెర్ల్ డ్వేన్ పనిముట్లు అందుకున్నాడు. ఊళ్ళో ఫర్నేసులన్నీ బాగుచేయడం ఇక మెర్ల్ వంతే.

రెండు వారాలకి డ్వేన్ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. యివెట్ తలుపు తీసిందట, డ్వేన్ అక్కడే పని చూసుకున్నాడట. పనివాడు మానేస్తే ఆ సంగతీ యజమానే కోర్టుకి చెప్పాలి. లవాన్ మళ్ళీ ఫోన్ చేసింది. గుమాస్తా గొంతు గుర్తుపట్టింది.

"ఈసారి ఎవరు వెళ్ళిపోయారమ్మా?"

"డ్వేన్. నవంబరు మొదటి సోమవారం వెళ్ళాడు. తిరిగి రాలేదు."