కంపెనీ వారి పగులు

మానవ నాగరికతలో మొదట ఇల్లు పుట్టింది, తర్వాత ఇంటికి పగులు పుట్టింది. ఆ పగులు ఎవరి పరిధిలోకి వస్తుందన్న ప్రశ్న మాత్రం మా గోదావరిఖని కాలనీలోనే పుట్టింది. ఈ సంగతి తెలియక నేను ఇంటి మరమ్మతుల వ్యాపారం పెట్టాను.

నా లెక్కలో తప్పు లేదు. నల్లాలు, పైపులు, రంగులు అమ్మే షాపు మాకు లక్ష్మీనగర్‌లో మా నాన్న కాలం నుంచీ ఉంది. (మేము కోస్తా నుంచి వచ్చినవాళ్లం. అయినా ఇక్కడ గల్లా వెనక కూర్చున్న ప్రతివాడూ సేటే.) చుట్టూ వరసలు వరసలుగా బొగ్గుగనుల కంపెనీ క్వార్టర్లు. అన్నీ ముసలివే. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే గోడలు వణుకుతాయి, అల్మారాలో గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. ఇన్ని చెడిపోయిన ఇళ్లు ఒక్కచోట ఉండగా బాగుచేసేవాడు పస్తులుండడని లెక్క వేశాను. ముత్యం అనే మేస్త్రీని కుదుర్చుకున్నాను. 'సుబ్రహ్మణ్యం గృహ సేవలు, ఒక్క ఫోన్ చాలు' అని బోర్డు పెట్టి కొబ్బరికాయ కొట్టాను.

ఫోన్లు వచ్చాయి. రేటు అడిగారు, ఓపికగా విన్నారు, "కంపెనీవోళ్లు ఉత్తగనే చేస్తరు గద సేటూ" అని పెట్టేశారు. కంపెనీవాళ్లు ఎప్పుడు చేస్తారని అడిగితే, ఇంట్లో ముసలాయన ఎప్పుడు పోతాడని అడిగినట్టు నొచ్చుకున్నారు.

కాలనీలో ఫిర్యాదు ఒక ఆస్తి అని నాకు ఆలస్యంగా తెలిసింది. నమోదైన రోజు నుంచీ దానికి సీనియారిటీ నడుస్తుంది. సమస్య తీరిపోతే ఫిర్యాదు పోతుంది, ఫిర్యాదు పోతే సీనియారిటీ పోతుంది. కాబట్టి తెలివైనవాడు సమస్యను కాపాడుకుంటాడు. గనిలో బొగ్గు తొట్లు లాగే హాలేజీలో పనిచేసే లింగమూర్తి ఇంట్లో కారే నల్లా ఆయన ప్రమోషన్ కంటే సీనియరు. చుట్టాలొస్తే ముందు దాన్నే చూపిస్తాడు. ముత్యం అలవాటుకొద్దీ వాషర్ తీసి వంగబోతే, "చెయ్యి తియ్యి తమ్మీ. నా నంబరు దగ్గరికొచ్చింది" అని పక్కకు జరిపాడు.

మమ్మల్ని తనంతట తాను పిలిచిన మొదటి మనిషి సారవ్వ. ఆమె భర్త సదయ్య బొగ్గుబాయిలో కప్పు కూలకుండా ఆసరాలు నిలబెట్టే పని చేస్తాడు. షిఫ్టులో ఎంతమంది దిగితే అంతమంది తలల మీద కప్పును నిలిపేది ఆయనే. తన పడకగది కప్పు కింద మాత్రం, సివిల్ విభాగం అనుమతి లేనందున, ఒక్క కర్ర కూడా నిలబెట్టలేకపోయాడు.

ఆ గదిలో మంచానికి సరిగ్గా పైన స్లాబు పగిలింది. పగులు మీద అడ్డంగా ఒక అద్దం ముక్క అతికించి ఉంది. అతికించినవారు పగుళ్ల పరిశీలన ఉపవిభాగం ఇన్‌చార్జి వేణుమాధవ్ గారు. నియమం చాలా సులభం. అద్దం విరిగితే పగులు కదులుతున్నట్టు, అప్పుడు రిపేరు చేస్తారు. విరగకపోతే పగులు నిద్రపోతున్నట్టు, నిద్రపోయేవాళ్లను కంపెనీ లేపదు. ఈలోగా మంచం జరపరాదు. (జరిపితే గది వాడకంలో లేదని రాసుకుని ఫిర్యాదును వరస చివరికి పంపుతారు.) అందుచేత భార్యాభర్తలు రోజూ ఆ అద్దాన్ని చూసుకుంటూ, అది విరగాలనీ తాము మిగలాలనీ ఏకకాలంలో కోరుకుంటూ నిద్రపోయేవారు.

సారవ్వ పిలిచింది కిటికీ రెక్క కోసం. అది వాళ్లు సొంతంగా పెట్టించుకున్నది, కంపెనీ లెక్కలోకి రాదు. ముత్యం రెక్క బిగించాడు. అంతటితో రావలసింది. కానీ మేస్త్రీలకు ఒక జబ్బుంటుంది, పగులు కనిపిస్తే చెయ్యి ఆగదు. సారవ్వ ఇరుగింటికి వెళ్లొచ్చేలోపు పగులును సిమెంటుతో నింపి, నున్నగా సాపు చేసి, అద్దం ముక్కను తుడిచి మళ్లీ అదే చోట తిన్నగా అతికించాడు. దీనికి డబ్బు కూడా అడగలేదు. నష్టం అక్కడే మొదలైంది.

తనిఖీకి వచ్చిన వేణుమాధవ్ గారు తల పైకెత్తి చాలాసేపు చూశారు. అద్దం ఉంది, పగులు లేదు. లేని పగులు మీద కంపెనీ అద్దాన్ని వాడుకోవడం ఏ నియమం కింద తప్పో ఆయన సదయ్యకు వివరించారు. ఫిర్యాదు అబద్ధమని రాయబోయారు. సదయ్య బతిమాలితే మాత్రం కరిగిపోయారు. వచ్చే తనిఖీ నాటికి పగులును యథాస్థితికి తెస్తే పాత నంబరు కొనసాగిస్తామని మాటిచ్చారు.

సారవ్వ నేరుగా షాపుకొచ్చింది.

"సేటూ, మా పగులు మాకు పెట్టియ్యి."

"అక్కా, మంచిగనే చేసిన గదా" అన్నాడు ముత్యం.

"ఎవలు చెయ్యమన్నరు నిన్ను? గంత మంచోనివైతే మంచిగ రెక్క బిగించి పోవాలె. ఇన్నొద్దులు ఆ అద్దం కింద పాణం అరచేతుల వెట్టుకుని పండుకున్న. ఇగ మల్ల మొదటికెంచి పండుకోమంటవా?"

ముత్యం ఉలి, సుత్తి తీసుకుని వెళ్లి, తన చేత్తో పూడ్చిన పగులును తన చేత్తోనే తవ్వి వచ్చాడు. తనిఖీలో వేణుమాధవ్ గారు సంతృప్తి చెందారు. పాతదాని కంటే స్పష్టంగా ఉందన్నారు.

ఆ మాట కాలనీలో పాకింది. మా వ్యాపారం అప్పుడు నిలదొక్కుకుంది. అల్లుడు ఉత్సాహపడి బాగుచేసిన తలుపును మళ్లీ మూసుకోకుండా చేయడం, ఎండిపోయిన గోడకు తనిఖీ నాటికి చెమ్మ పట్టించడం, ఇంటివాళ్లు డ్యూటీలో ఉంటే కంపెనీ ప్లంబరు కోసం వాళ్ల అరుగు మీద కూర్చుని ఎదురుచూడడం, ఇలా మా సేవలు విస్తరించాయి. (ప్లంబరు రాలేదు కాబట్టి ఆ చివరిది నమ్మకమైన రాబడి.) ఒక ఉదయం లింగమూర్తి గాబరాగా ఫోన్ చేశాడు. నల్లా దానంతట అదే కారడం మానేసిందట. "జల్ది పంపు సేటూ, రేపు తనిఖీ" అన్నాడు. ముత్యం వెళ్లి అరగంటలో కారించాడు.

ఇలా అందరికీ మేలు జరుగుతుండగా, ఒకరోజు పొద్దున నల్లా నీళ్లు వేళకంటే ముందే వచ్చాయి. (దీనిపై ఇప్పటికీ ఎవరూ ఫిర్యాదు చేయలేదు.) మంచం మీదున్న సారవ్వ చప్పుడు విని, బిందె అందుకుని బయటికి ఉరికింది. ఆమె బిందె నిండేలోపు స్లాబు పెచ్చు ఊడి పరుపు మీద పడింది.

వేణుమాధవ్ గారు ఆ రోజే వచ్చారు. ఆయన పైకి చూడలేదు, మంచం వైపు చూశారు. పెచ్చుకు అంటుకునే ఉన్న అద్దం ముక్క పరుపు మీద పడి ఉంది, ఎక్కడా చిట్లలేదు. దాన్ని జేబురుమాలుతో తుడిచి, వెలుతురుకు పెట్టి చూసి, అద్దం విరగనందున పగులు కదలలేదని నిర్ధారించి, ఫిర్యాదును మూసివేశారు.

"సార్, కప్పు కింద పడ్డది" అన్నాడు సదయ్య.

"పడింది కప్పు. మీ ఫిర్యాదు పగులు గురించి కదా."

కప్పు గురించి వేరే ఫిర్యాదు పెట్టుకోమని, దానికి ఆ రోజు నుంచే సీనియారిటీ ఇస్తామని ఆయన ఊరడించారు. వెళ్తూ వెళ్తూ, ఊడినచోటి అంచు నుంచి మంచం తలవైపు పాకుతున్న కొత్త పగులు మీద అదే అద్దం ముక్కను అతికించారు. కంపెనీ వృథాను సహించదు.

ఆ సాయంత్రం ముత్యం ఉలిని సంచిలో పెట్టకుండా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. "నా ఉలి దెబ్బకే పడ్డదేమో సేటూ" అన్నాడు. రిపోర్టులో ఉలి అనే గడి లేదని చెప్పి పంపించాను.

షాపు కట్టేసేముందు సారవ్వ వచ్చింది. జుట్టులో ఇంకా సున్నం పొడి ఉంది.

"సేటూ, జల్ది పలిగే అద్దం ఉంటదా నీ దగ్గర? ఆయన పెట్టిన దాని జాగల అది పెడత."

మంచం జరుపుకోమన్నాను. ఈ ఊరికి నిన్ననే వచ్చినవాణ్ని చూసినట్టు చూసింది.

"జరిపితే కొత్త నంబరు గూడ పోతది గద."

షాపులో ఉన్నవాటిలో బాగా పలచటిది కోసిచ్చాను. ఆమె దాన్ని దారిలో పగలకుండా కొంగులో చుట్టుకుని, గ్యారంటీ అడిగింది. మా పనులన్నిటికీ ఏడాదిపాటు చెడిపోవని గ్యారంటీ ఇస్తాం. దీనికి మాత్రం వానలు పడేలోపు పగులుతుందని రాసిచ్చాను. పగిలేటప్పుడు ఆమె ఎక్కడ పడుకుని ఉంటుందన్నది గ్యారంటీలోకి రాదు.