విప్లవం మీద అభ్యంతరాలకు ఆఖరి రోజు

జయఘట్టం రాజధానిలో చరిత్రను జరగడానికి ముందే రాసేస్తారు. జరిగాక రాస్తే తలో మాటా చెప్పి గందరగోళం చేస్తున్నారని ముత్తాతల కాలంలో ఒక రాజుగారు ఈ పద్ధతి పెట్టారు. చరిత్ర శాఖ ముసాయిదా తయారుచేసి కోట గోడకు అంటిస్తుంది. పదిహేను రోజులు అభ్యంతరాలు తీసుకుంటుంది. ఆ తర్వాత నగరం దాని ప్రకారం నడుచుకుంటుంది.

ఇందులో జనానికి ఇబ్బందేమీ లేదు. గురువారం పదకొండు గంటలకు విప్లవం, దసరా వెళ్లాక యుద్ధం, అందులో పదకొండు నెలల ముట్టడి అని ముందే తెలిసిపోయింది కనుక పెళ్లివారు ముహూర్తాలు ముందుకు జరుపుకున్నారు, ఇల్లాళ్లు రెండేళ్లకు సరిపడా ఆవకాయ పెట్టుకున్నారు. యుద్ధం ఆరో నెలలో కూలాల్సిన వంతెనను మేస్త్రీలు సరిగ్గా ఆ నెలకు కూలేటట్టు కట్టి ఉంచారు. ఇంత బుద్ధిమంతులైన జనం ఇంకే రాజధానిలోనైనా ఉంటారా అంటే అనుమానమే.

అయితే ఈసారి విప్లవంలో అమరులయ్యే నలభై ఒక్కమంది జాబితాలో, పదిహేడో పేరు జట్కా తోలే గంగులుది. పునుగుల బండి నడిపే అతని భార్య వరహాలమ్మ ఆ కాగితాన్ని గోడ దగ్గర నిలబడి మూడుసార్లు చదివింది. గంగులు రాజభవనం గేటెక్కి, జెండా ఊపి, గుండె మీద తూటా తిని నేలకొరుగుతాడని అందులో ఉంది.

"నేను గేటెక్కడం ఏంటే? నిచ్చెనెక్కితేనే నాకు కళ్లు తిరుగుతాయి" అన్నాడు గంగులు ఇంటికొచ్చాక. దీపావళికి కాకరపువ్వొత్తి కూడా చెయ్యి బారచాచి, మొహం పక్కకు తిప్పి కాల్చే మనిషి అతను. ఆ మనిషంటే వరహాలమ్మకు ప్రాణం.

ఆమె మర్నాడే చరిత్ర శాఖకు వెళ్లింది. అభ్యంతరాల సీటులో సదానందం గారని సీనియర్ అసిస్టెంటు ఉన్నారు. ముప్పై ఏళ్లుగా ఆ సీటులోనే ఉన్నారు. మంచి మనిషి. ఆమె పదకొండు రోజులు తిరిగితే పదకొండు రోజులూ కూర్చోమని స్టూలు చూపించారు. కాగితంలో ఏది తక్కువైనా విసుక్కోకుండా చెప్పారు. పేరు కొట్టేయవచ్చు గానీ ఖాళీ ఉంచడానికి వీల్లేదనీ, నలభై ఒకటి అనే అంకె ఇప్పటికే పాలరాతి మీద చెక్కించేశారనీ ఓపికగా వివరించారు. ఒకరి పేరు తీస్తే జనాభా పుస్తకం తెరిచి, ఏ పేరు వస్తే ఆ పేరు ఎక్కించాలి. ఆ మనిషి తరఫున బంధువులెవరూ అక్కడికక్కడే అభ్యంతరం చెప్పకపోతే ఖాయం. ఆఖరి రోజు అయిదు గంటలకల్లా ఇది తేలకపోతే ముసాయిదాలో ఉన్న పేరే ఉండిపోతుంది.

ఆఖరి రోజు మూడు గంటలకు ఆమె కాగితాలన్నీ పూర్తయ్యాయి. సదానందం గారు కళ్లద్దాలు తుడుచుకుని పుస్తకం తెరిచారు.

"తిరుమలశెట్టి కోదండం. చెరుకురసం వ్యాపారం."

వరహాలమ్మ ఉలిక్కిపడింది. "కోదండం బాబాయా? వద్దు సార్, ఆయన మా బాబాయ్!"

"రక్తసంబంధమా?"

"కాదు సార్. చిన్నప్పట్నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను."

సదానందం గారు నిబంధనలు తిరగేశారు. రక్తం వల్లగానీ, వివాహం వల్లగానీ, పిలుపు వల్లగానీ బంధువైనవారు అభ్యంతరం చెప్పవచ్చని తొమ్మిదో నిబంధనలో స్పష్టంగా ఉంది. ఎవరు రాశారో గానీ జయఘట్టం సంగతి తెలియకుండా రాశారు. ఈ ఊళ్లో దారి అడిగేవాడు కూడా వరస కలపకుండా అడగడు. సదానందం గారు కోదండం పేరు కొట్టేసి మరో పేజీ తీశారు.

తర్వాత వచ్చిన పోస్టుమాన్ ఆమెకు తమ్ముడు. రిటైరైన డ్రిల్లు మాస్టారిని ఆమె మాస్టారనే పిలుస్తుంది గానీ, ఆయన భార్యను అక్కా అంటుంది కనుక ఆయన బావగారు. ఆమె ఎరగని పేర్లు వస్తే వెనక క్యూలో వాళ్లు అందుకున్నారు. ఒక దొంగ పేరు వస్తే, "మా పెదనాన్నండీ" అంది ఒక పెద్దావిడ సిగ్గుపడుతూ. ఒక కానిస్టేబుల్ పేరు వచ్చింది. "అతను మా వీధి అల్లుడు" అన్నారు నలుగురు ఒక్కసారే. ఆ మధ్యాహ్నం ఇరవై ఆరుమంది బతికిపోయారు. క్యూలో నవ్వులు మొదలయ్యాయి, ఎవరో మజ్జిగ కూడా తెచ్చి పంచారు.

నాలుగూ యాభై ఏడుకు సదానందం గారు మరో పేజీ తీసి, ఒక్క క్షణం ఆగి, అదే గొంతుతో చదివారు.

"గుడిమెట్ల సదానందం. సీనియర్ అసిస్టెంటు, చరిత్ర శాఖ."

వరహాలమ్మ వెనక్కి తిరిగి క్యూ చివరిదాకా చూసింది. అందరికీ ఆయన తెలుసు. అందరి కాగితాలూ ఆయన చేతుల మీదుగా వెళ్లినవే. ఒక్కరు కూడా ఏ రోజూ ఆయన్ని వరస పెట్టి పిలవలేదు.

"అభ్యంతరం ఉందా అమ్మా?" అని అడిగారాయన. అలా అడగడం ఆయన ఉద్యోగం.

అన్నయ్యా అనే మాట ఆమె గొంతుదాకా వచ్చింది. అనేస్తే ఆయన పేరు కొట్టేసి మళ్లీ పుస్తకం తెరవాలి. గోడ మీద గడియారం ముల్లు యాభై ఎనిమిదికి జరిగింది. ఇంకో పేరు చదివి, విచారించి, ముద్ర వేయడానికి ఆ రెండు నిమిషాలు చాలవని ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

"నన్ను మీరు ఏమని పిలుస్తారో చెప్పండి చాలు" అన్నారు సదానందం గారు మెల్లగా.

వరహాలమ్మ తల వంచుకుంది. "సార్ అనే పిలుస్తాను సార్."

"మరి అంతేగా" అని ఆయన 'అభ్యంతరం లేదు' అని రాసి, ముద్ర వేసి, రసీదు ఆమె చేతికిచ్చారు. ఇంటికి జాగ్రత్తగా వెళ్లమన్నారు.

గురువారం పదకొండు గంటలకు విప్లవం వచ్చింది. రాజభవనం వైపు నుంచి తుపాకుల మోత వినిపిస్తుంటే గంగులు మంచం కింద దూరి చెవులు మూసుకున్నాడు. ఒంటిగంటకు అంతా సద్దుమణిగింది. అతను బయటికొచ్చి, చేతులు కడుక్కుని, కంచం ముందు కూర్చున్నాడు. వరహాలమ్మ వంకాయ పులుసు వడ్డించింది. బతికున్న మొగుణ్ణి చూస్తుంటే ఆమెకు సంతోషంగానే ఉంది. ఆ సంతోషాన్ని చూసి ఆమెకే సిగ్గేసింది.

"అవునూ, నా బదులు ఎవర్ని వేశారే?" అన్నాడు గంగులు.

"ఎవరో... ఆఫీసులో సార్."

"మనోళ్లెవరూ కాదుగా?"

వరహాలమ్మ గిన్నెలో గరిటె తిప్పింది.

"కాదు" అంది.

గంగులు హమ్మయ్య అనుకుని ఇంకో ముద్ద కలుపుకున్నాడు.