వెనకది మార్చాలి

ఆ రోజు పొద్దున్న సర్వేగారు పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ దారిలో ఆగి మోటారు సైకిలుకి వెనక టైరు మార్పించుకోవాలి. మామూలు మనిషైతే ఎప్పుడో ఆ పని ముగించుకుని, ఆ సంగతే మర్చిపోయి ఉండేవాడు.

సర్వేగారికీ భూముల సర్వేకీ ఏ సంబంధమూ లేదు. ఆయన నీటి సరఫరా కార్యాలయంలో సీనియర్ గుమాస్తా. అగ్గిపెట్టె కొనాలన్నా ఊరందరినీ అడిగి, అందరి మాటా విని, చివరికి ఏమీ కొనకుండా ఇంటికొచ్చే అలవాటు వల్ల ఆఫీసువాళ్లు ఆ పేరు పెట్టారు. ఆయనకది బిరుదులాగే వినిపించేది. "తెలుసుకుని కొనేవాడు మోసపోడు" అని చెప్పుకునేవాడు. అసలు కొననివాడు మోసపోయే అవకాశం ఇంకా తక్కువ.

ఈ టైరు విషయంలోనూ ఆయన లోటు చేయలేదు. పక్కింటాయన వెడల్పు టైరు వెయ్యమన్నాడు, రోడ్డుని కరుచుకుని పోతుందన్నాడు. పై అంతస్తు ఆయన వెడల్పుది వేస్తే పెట్రోలు తాగేస్తుందని భయపెట్టాడు. మెత్తటి రబ్బరైతే వానలో జారదని ఒకరంటే, మెత్తటిది ఇట్టే అరిగిపోతుందని ఇంకొకరన్నారు. పేపరు వేసే అతను తనకున్నది సైకిలేనని మొత్తుకున్నా సర్వేగారు వదల్లేదు, సైకిలు టైరు మీద అభిప్రాయమైనా చెప్పమన్నాడు. టైర్ల షాపు యజమాని మొదటిసారి వెళ్లినప్పుడు కుర్చీ వేశాడు, రెండోసారి నిలబెట్టే మాట్లాడాడు, మూడోసారి దణ్ణం పెట్టాడు. "సార్, మీరు టైరు కొనడానికొచ్చారా, టైర్ల మీద పరీక్ష రాయడానికొచ్చారా?"

ఆ పొద్దున్న ఆయన భార్య గుమ్మంలోనే నిలదీసింది. ఆవిడ రక్తపరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తుంది, రోజూ ఆ బండి వెనకే కూర్చుని వెళ్తుంది.

"నిన్న మలుపులో బండి జర్రున జారింది, చూశారా? ముందు కూర్చున్న మీకేం, హ్యాండిలుంది. వెనక కూర్చున్నదాన్ని నేనేం పట్టుకోను, గాలినా?"

"ఇవాళ తేల్చేస్తానే. ఒక్క అన్నయ్యని అడిగితే అయిపోతుంది."

అన్నయ్యంటే ఆయన తోడల్లుడు. పెద్దాఫీసులో డైరెక్టరుగారి కారు డ్రైవరు.

"మా బావగారు ఈ మధ్య మన ఫోనెత్తకపోతే ఒంట్లో బాలేదేమో అనుకున్నాను. ఇందుకా?" అంది ఆవిడ.

ఆఫీసులో భోజనాల వేళ పాత ఫైళ్ల బీరువాల చాటున నిలబడి సర్వేగారు ఫోన్ చేశాడు. తోడల్లుడు పాపం ఏమరుపాటున ఎత్తాడు. సరిగ్గా అప్పుడే బీరువాకి అటువైపు క్యాషియరు వచ్చి నిలబడ్డాడు.

క్యాషియరుకి రెండు ఉద్యోగాలు. జీతం కోసం డబ్బు లెక్కపెట్టేవాడు. ప్రీతి కోసం ఎవరేమనుకుంటున్నారో వెనక గదిలో ఉండే మేనేజరుకి చేరవేసేవాడు. మొదటి ఉద్యోగంలో అప్పుడప్పుడూ తేడాలొచ్చేవి గానీ రెండోదాంట్లో ఎన్నడూ మాట పోనిచ్చేవాడు కాదు. మేనేజరు పన్నెండేళ్లుగా ఆ వెనక గదిలోనే ఉన్నాడు. ఎండెక్కాక వచ్చేవాడు, భోంచేశాక కునుకు తీసేవాడు, లేచాక ఇంటికి బయల్దేరేవాడు. ముందు హాల్లో కౌంటరు దగ్గర కూర్చునే అసిస్టెంటు మేనేజరే ఆఫీసుని ఎలాగో నెట్టుకొస్తున్నాడు. అందుకే అక్కడివాళ్లు ఒకాయన్ని ముందాయన అనీ, ఇంకొకాయన్ని వెనకాయన అనీ అనుకునేవారు.

క్యాషియరు చెవిన పడ్డ మాటలివి.

"అవునన్నయ్యా, వెనకది పూర్తిగా అరిగిపోయింది. ముందుదానికేం, ఇంకా చాన్నాళ్లు లాగుతుంది. ఎంత గాలి కొట్టినా లాభం లేదు, పొద్దున చూస్తే పడుకునే ఉంటోంది. దీంతో బండి నడవదు, తీసి పారెయ్యాల్సిందే. ఏమిటీ? డైరెక్టరుగారు కూడా మార్చెయ్యమన్నారా? ఇంకేం మరి!"

డైరెక్టరుగారు మార్చమన్నది తన కారు టైర్లని. ఆ సంగతి బీరువాకి అటువైపు వినిపించలేదు.

మేనేజరు కునుకు మధ్యలో లేపిన తప్పుకి క్యాషియరుని తిట్టబోయి, విషయం విన్నాక నిటారుగా కూర్చున్నాడు.

"నన్ను మార్చెయ్యమని డైరెక్టరుగారే అన్నారా? ఆయన డ్రైవరు ఈ సర్వే తోడల్లుడేగా, అతని ద్వారా కథ నడిపిస్తున్నాడన్నమాట. అయితే 'వెనకాయన' అని నా గురించే అన్నాడా?"

క్యాషియరు నీళ్లు నమిలాడు. "వెనకాయన అనలేద్సార్."

"మరి?"

"వెనకది అన్నాడు సార్."

మేనేజరు ముఖం మాడిపోయింది. కుర్చీ పోవడం ఒక బాధ. వ్యాకరణంలో రాయీ రప్పా వరసలోకి దిగిపోవడం అంతకు మించిన బాధ. "నన్ను 'అది' అన్నాడా?"

"పొద్దున చూస్తే పడుకునే ఉంటోందని కూడా అన్నాడు సార్."

"పచ్చి అబద్ధం! మధ్యాహ్నం తప్ప నేనెప్పుడూ పడుకోను!"

సర్వేగారికి పిలుపొచ్చింది. ఆఫీసు వేళలో సొంత ఫోన్లేమిటని చీవాట్లు పడతాయనుకుంటూ ఆయన బిక్కుబిక్కుమంటూ లోపలికెళ్లాడు. మేనేజరు అలవాటుగా "ఏమయ్యా" అని మొదలుపెట్టి, దగ్గుతో దాన్ని కప్పేసుకుని, "రండి సర్వేగారూ, కూర్చోండి" అన్నాడు. ఆ గదిలో ఒక గుమాస్తా కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

"వెనకది మార్చాలంటున్నారట?"

సర్వేగారి ముఖం వికసించింది. ఆయన జీవితమంతా సలహాల కోసం మనుషుల వెంటపడ్డవాడు. తనంతట తాను పిలిచి అడిగిన మనిషి ఈయనే. "తమరిదాకా వచ్చిందా సార్! అవును, ఇవాళే తేల్చేద్దామనుకుంటున్నా."

"ఇవాళేనా?"

"ఆలస్యం చేస్తే ప్రమాదం సార్. ఎప్పుడు పేలుతుందో తెలీదు. పైకి చూస్తే నున్నగా మెరిసిపోతుంది గానీ లోపలుండేదంతా గాలే కదా."

మేనేజరు చెయ్యి దానంతటదే వెళ్లి బట్టతలని తడుముకుంది. అహంకారం చంపుకుని, ఆయన కూడా అదే వ్యాకరణంలోకి దిగాడు. "ఇన్నాళ్లూ సేవ చేసింది కదండీ?"

"చేసింది, కాదన్ను సార్. అంతమాత్రాన నెత్తిన పెట్టుకుని ఊరేగలేం కదా."

"ఒక్క నెల ఓపిక పట్టి చూడండి. బాగుపడుతుంది."

సర్వేగారు ఆలోచనలో పడ్డాడు. అరిగిపోయిన టైరు ఓపిక పడితే బాగుపడుతుందని ఇంతవరకూ ఏ నిపుణుడూ చెప్పలేదు. కానీ ఈ చెప్పినాయన పై అధికారి. పైగా ఆయనకి కారుంది. కార్లున్నవాళ్లకి టైర్ల గురించి రెట్టింపు తెలిసి ఉండాలి. "తమరింతగా చెప్తే సరే సార్. నెల చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే మాత్రం నిర్దాక్షిణ్యంగా..."

"ఉండదు! ఉండదు! నాది పూచీ" అన్నాడు మేనేజరు.

ఈ తీర్పు విని సర్వేగారి భార్య చేతిలో సంచి కింద పెట్టింది. "ఆగితే తగ్గడానికి అదేమన్నా జ్వరమా? అంత నమ్మకముంటే ఆ మహానుభావుణ్ణే వెనక కూర్చోబెట్టుకోండి" అని, మర్నాటి నుంచి బస్సులో వెళ్లడం మొదలుపెట్టింది.

ఆఫీసులో మాత్రం ఎవరూ కనీవినీ ఎరగని వింతలు జరిగాయి. మేనేజరు వాచ్‌మన్ కంటే ముందొచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. కుర్చీలోంచి తలగడ మాయమైంది. బూజు పట్టిన ఫైళ్లు ఒక్కొక్కటే కదిలాయి. బిల్లులో తప్పు దిద్దించుకోవడానికి ఏళ్ల తరబడి తిరుగుతున్న ఒక పెద్దాయన, తన పని ఒక్క పూటలో అయిపోయేసరికి, రేపటి నుంచి పొద్దు పోయేదెట్లాగని దిగులుపడ్డాడు.

సాయంత్రమయ్యేసరికి మేనేజరు సర్వేగారి టేబులు దగ్గరికి తనే వచ్చేవాడు. "వెనకది ఎలా ఉందండీ ఇవాళ?"

"ఫరవాలేదు సార్. జారలేదు."

మేనేజరు తేలిగ్గా ఊపిరి పీల్చుకునేవాడు. ఒకరోజు సర్వేగారు "ఇవాళ కొంచెం ఊగింది సార్" అన్నాడు.  ఆ మధ్యాహ్నం తలుపు గడియ వేసుకుని మేనేజరు రెండు నిమిషాలు కునికిపాట్లతో ఊగిన మాట నిజమే. తలుపు లోంచి కూడా చూడగలిగే మనిషితో ఎలా వేగడం?

భయం ముదిరి, చివరికి మేనేజరు డైరెక్టరుగారికే ఫోన్ చేశాడు. "సార్, నా మీద ఎవరేం చెప్పినా నమ్మకండి."

"ఎవరూ ఏమీ చెప్పలేదే" అన్నాడు డైరెక్టరు.

"చెప్తారు సార్. ఆలస్యంగా వస్తానంటారు, నిద్రపోతానంటారు. అన్నీ కట్టుకథలు. కావాలంటే విచారించుకోండి."

అప్పటిదాకా అలాంటి ఆఫీసొకటి ఉందన్న ధ్యాసే లేని డైరెక్టరు, సరే చూద్దామని నిజంగానే విచారించాడు. కొద్దిరోజుల్లో మేనేజరుని వచ్చి కలవమని కబురొచ్చింది.

 మునిగేవాడికి గడ్డిపోచే ఆధారం. ఆయనకి దొరికిన గడ్డిపోచ సర్వేగారు. "మీరూ రండి. మీ తోడల్లుడుగారికి నా గురించి ఒక మంచి మాట చెబుదురు గాని. కారెందుకు, మీ బండి మీదే పోదాం. ఇద్దరం కలిసి దిగితే చూడ్డానికీ బావుంటుంది."

సర్వేగారి ఛాతీ ఉబ్బింది. మేనేజరు రెండు చేతులతో ఆయన నడుం పట్టుకుని వెనక కూర్చున్నాడు. దారిలో చినుకులు మొదలయ్యాయి. పైపుల కోసం తవ్వి వదిలేసిన వీధి మలుపులో బండి వెనక సగం ఒకవైపూ ముందు సగం ఇంకోవైపూ వెళ్దామనుకున్నాయి. ఫట్టున ఓ చప్పుడైంది. మరుక్షణం అధికారీ గుమాస్తా ఒకే బురదలో, హోదాల తేడా లేకుండా, పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. దెబ్బలేమీ తగల్లేదు.

"ఏమైందండీ?" అన్నాడు మేనేజరు, కళ్లజోడు వెతుక్కుంటూ.

"వెనకది పేలింది సార్! మార్చేస్తానని నేను మొత్తుకున్నాను. బాగుపడుతుందని మీరే ఆపారు!"

"ఏ వెనకది?"

"వెనక టైరు సార్. ఇంకే వెనకది?"

మేనేజరు టైరుని చూశాడు. అది నిజంగానే నున్నగా ఉంది. దానిలోంచి మిగిలిన గాలి బుస్సుమని పోతోంది. "ఇన్నాళ్లూ నువ్వు మాట్లాడింది దీని గురించా?"

"అవున్సార్. మరి తమరేమనుకున్నారు?"

 మేనేజరు లేచి నిలబడ్డాడు. పోయిన హోదా కాళ్ల నుంచి పైకి పాకి గొంతులో కూర్చుంది. "ఏమయ్యా! ఒక్క టైరు మార్చుకోవడం చేతకాదుటయ్యా నీకు? నువ్వూ నీ సర్వే!"

బండినీ మనిషినీ అక్కడే వదిలేసి ఆటో ఎక్కాడు. ఒళ్లంతా బురదున్నా ఆయన మనసు మాత్రం దూదిపింజలా ఉంది. తననెవరూ మార్చడం లేదు! డ్రైవరు ఏమీ చెప్పలేదు, డైరెక్టరు ఏమీ అనలేదు. రేపు ఎండెక్కాకే ఆఫీసుకి వెళ్లాలనీ, వెళ్లగానే తలగడ తెప్పించుకోవాలనీ నిర్ణయించుకుని, పెద్దాఫీసు మెట్లు పెళ్లికొడుకులా ఎక్కాడు.

"ఏమిటండీ ఈ అవతారం?" డైరెక్టరు ఆశ్చర్యపోయాడు.

బండి మీంచి పడ్డానని చెప్పడం మేనేజరుకి నామోషీ అనిపించింది. ఉత్సాహంలో నాలుక తన పని తాను చేసుకుపోయింది. "దారిలో ఓచోట పైపు లీకవుతుంటే చూస్తూ ఊరుకోలేక గుంటలోకి దిగాను సార్."

డైరెక్టరు కుర్చీలోంచి లేచి వచ్చి ఆ బురద చేతినే పట్టుకున్నాడు. "నేను విన్నదంతా నిజమేనన్నమాట! వాచ్‌మన్ కంటే ముందొస్తారట, తలెత్తకుండా పనిచేస్తారట. మీలాంటి వారిని ఆ మూల ఆఫీసులో ఇన్నేళ్లు వదిలేయడం మా తప్పే. రేపటి నుంచి మీరు పైపుల అత్యవసర మరమ్మతుల విభాగం చూడండి. రాత్రీ పగలూ ఫోన్లొస్తాయి, అర్ధరాత్రయినా గుంటలోకి దిగాలి. మీకు ముందున్నాయన తట్టుకోలేక సెలవు పెట్టి పారిపోయాడు. నిద్ర అక్కర్లేని మనిషి కోసమే వెతుకుతున్నాను."

మేనేజరు నోరు తెరిచాడు. తను నిద్రపోతాననడం కట్టుకథని చెప్పింది తనే. గుంటలోకి దిగానన్నదీ తనే. నోరు మళ్లీ మూసుకున్నాడు.

సర్వేగారు అప్పటికి బండి తోసుకుంటూ టైర్ల షాపు చేరాడు. తల నుంచి బురద కారుతోంది. "ఏదో ఒకటి వేసెయ్యి బాబూ" అన్నాడు.

షాపు యజమాని భయంగా రెండడుగులు వెనక్కి వేశాడు. "ఏదో ఒకటంటే నేను వెయ్యను సార్. రేపు మీరొచ్చి అదెందుకు వేశావ్, ఇదెందుకు వెయ్యలేదంటే నేను పడలేను. ఇంట్లో అడగండి."

సర్వేగారు భార్యకి ఫోన్ చేశాడు. ఆవిడ పేరూ రకమూ ఒక్క ముక్కలో చెప్పింది. ఆయన అలవాటుకొద్దీ, "అదే ఎందుకంటావే?" అన్నాడు. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడైంది. బండికి కొత్త టైరు పడింది.

వారం తిరక్కుండా ఆఫీసులో వీడ్కోలు సభ జరిగింది. కళ్ల కింద నల్లటి వలయాలతో, మధ్యమధ్య మోగుతున్న ఫోన్ ఎత్తుతూ, మేనేజరు పూలదండ వేయించుకున్నాడు. క్యాషియరు మైకు ముందు కళ్లు తుడుచుకుంటూ, ఆయన పన్నెండేళ్ల సేవలో ఆ నెల రోజులనీ తామెవ్వరూ మరువలేమన్నాడు.