మకోరి గారి ఎనిమిదో తరగతి

హోంవర్క్ పిల్లల కోసమని మీకెవరు చెప్పారండీ?

పిల్లలకేం తక్కువ? బడి ఉంది, ఆటస్థలం ఉంది, టీవీ ఉంది. ఏమీ లేనిది పాపం తల్లిదండ్రులకే! ఒకసారి బడి దాటి వచ్చేశాక మళ్ళీ చదువుకునే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది? ఆ భాగ్యాన్ని రోజూ సాయంత్రం పిల్లల సంచిలో పెట్టి మరీ ఇంటికి పంపుతున్న మన జూనియర్ స్కూళ్ళకి మనం రుణపడి ఉండాలి. ఉండకపోగా విసుక్కుంటున్నాం!

నమ్మకం కుదరలేదా? అయితే మకోరిని చూడండి.

మకోరి పుట్టింది రాతిగనుల ఊరు తబాకాలో. ఇప్పుడు కిసీ పట్నం శివార్లో రేకుల షెడ్డు వేసుకుని బలపపు రాయితో బొమ్మలు చెక్కుతాడు. ఆయన జిరాఫీలు నైరోబీ దుకాణాల అద్దాల వెనక నిలబడి ఉంటాయి. ఏడో తరగతి మధ్యలో తండ్రి వెంట రాతిగనిలోకి దిగినవాడు మళ్ళీ బడి గడప తొక్కలేదు. అలాంటి మనిషి నలభై నాలుగో ఏట, యూనిఫాం కుట్టించుకోకుండా, బడిపిల్లల్లా గుండు గీయించుకోకుండా ఎనిమిదో తరగతిలో చేరిపోయాడు! ఎలాగంటారా? కూతురు కెరూబో ఎనిమిదిలోకి వచ్చింది. అంతే.

ఈ కొత్త చదువులో ప్రాజెక్టులకి మార్కులు వేయరు. నాలుగు మెట్లుంటాయి. అంచనాలకు మించి, అంచనాలకు తగ్గట్టు, అంచనాలకు చేరువలో, అంచనాలకు దిగువన. మకోరి మొదటి రెండు టర్ములూ "చేరువలో" దగ్గరే ఇరుక్కుపోయాడు. తప్పు కెరూబోది కాదు. ఆ అమ్మాయి రోజూ అరటిపళ్ళు తింటూ ఎదురుగా కూర్చుని ఆయన్ని శ్రద్ధగా చదివించేది.

"నాన్నా, శుక్రవారానికి దిష్టిబొమ్మ కావాలి. పోయినసారిలా ఆలస్యం చేయకు. టీచర్ దగ్గర నా పరువు పోతోంది."

మకోరి తన ఒకే ఒక్క కోటు తొడిగి దిష్టిబొమ్మని నిలబెట్టాడు. అది ఎంత బాగా కుదిరిందంటే, పక్కింటాయన పొద్దున్నే దానికి నమస్కారం పెట్టి, బదులు రాలేదని మకోరితో వారం రోజులు మాట్లాడలేదు. అయినా వచ్చింది "చేరువలో"నే. కోటు మాత్రం రాలేదు.

తర్వాత సమాజసేవ. సంత ఊడుస్తూ ఫోటో తీయించుకు రావాలి. ముప్పై ఒక్కమంది పిల్లలు, ఒక్క చీపురు, ఒక్క చెత్తకుప్ప. ఎవరైనా పొరపాటున ఆ కుప్ప ఎత్తబోతే తల్లులు పరుగెత్తుకొచ్చేవారు. "అయ్యో, ముట్టుకోకండి! మా వాడి ఫోటో ఇంకా అవలేదు!" సాయంత్రానికి ముప్పై ఒక్క ఫోటోలయ్యాయి. కుప్ప ఎక్కడిదక్కడే ఉంది. సంత శుభ్రమైపోయినట్టు బడి రికార్డుల్లో ఎక్కింది.

ఆ మరుసటి వారం వృద్ధుల్ని రోడ్డు దాటించడం. న్యాబోకే అనే ముసలమ్మని ఒకే శనివారం పదకొండుసార్లు దాటించారు. ఆవిడకి అవతల పనేమీ లేదు, ఆ మాట ఎవరూ అడగనూ లేదు. పదకొండు బేసి సంఖ్య కదా! ఫోటోలు అయిపోయేసరికి ఆవిడ ఇల్లు ఇవతల, ఆవిడ అవతల.

ఇంత విద్యాప్రగతిని కళ్ళారా చూస్తూ హోంవర్క్‌ని తిట్టడానికి మనకి నోరెలా వస్తుంది?

సంసారాలు కూడా బాగుపడ్డాయండోయ్! మకోరి భార్య బొచాబెరిని అడగండి. "ఇదివరకు చీకటి పడితే ఈయన్ని వెతకడానికి మనిషిని పంపాల్సొచ్చేది. ఇప్పుడు ఆరు కొట్టేసరికి బల్ల ముందు బుద్ధిగా కూర్చుంటున్నాడు. ఆ టీచర్ కడుపు చల్లగుండ!"

అయితే మకోరికి ఒక దిగులుంది. "అంచనాలకు మించి" అనే మాట ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తన ఇంటికి రావాలి. బడిలో ఉన్నన్నాళ్ళూ ఆయన కాగితాల మీద ఎర్ర సిరా తప్ప మంచిమాట పడలేదు. ఆ మాట వస్తే కెరూబో రికార్డు బాగుపడుతుందని పైకి అనేవాడు. లోపల ఎవరికోసం కోరుకుంటున్నాడో బొచాబెరికి తెలుసు.

మూడో టర్ములో అదృష్టం తలుపు తట్టింది. వాట్సాప్‌లో ప్రాజెక్టు వచ్చింది. "స్థానికంగా దొరికే పదార్థంతో ఒక జంతువునో పక్షినో చెక్కి తీసుకురావాలి."

మకోరి మూడుసార్లు చదువుకున్నాడు. ఫోను బొచాబెరికిచ్చి ఇంకోసారి చదివించుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన చేస్తున్నదేమిటి మరి?

ఆ సంతోషం పూర్తిగా గుండెకి దిగకముందే షెడ్డు ముందు క్యూ కట్టారు. ఆ తరగతి తల్లిదండ్రుల్లో నర్సులున్నారు, బ్యాంకు గుమాస్తాలున్నారు, మినీబస్సుల యజమానులున్నారు. ఉలి పట్టగలవాడు మాత్రం ఒక్కడే. ఒకరు కోడిని తెచ్చారు, ఒకరు అరటి గెల తెచ్చారు, అందరూ ఒకే మాట తెచ్చారు. "కెరూబో నాన్నా, మా పిల్లకి కూడా ఒకటి చెక్కిపెట్టు. మరీ బాగా చెక్కకు, దొరికిపోతాం!"

మొత్తం ఇరవై ముగ్గురు. కాదనడం ఆయనకి చేతకాలేదు.

చెడగొట్టి చెక్కడం ఎంత కష్టమో మీకు తెలుసా? ముప్పై ఏళ్ళు నేర్చిన చేయి వంకర పోనంటుంది. చివరికి ఉలిని ఎడమ చేతికి మార్చుకున్నాడు. అప్పటికి దారికొచ్చింది. చెవి తెగిన ఏనుగులు, మూడున్నర కాళ్ళ దుప్పులు, మెల్లకన్ను సింహాలు వరసగా బయటికొచ్చాయి. అయినా కొనేవాళ్ళ అభిరుచులు రకరకాలు!

నర్సు జెరూషా ఖడ్గమృగాన్ని తిరిగి తెచ్చింది. "కొమ్ము మరీ నిటారుగా ఉందయ్యా. మా వాడికి అంత ఓపిక లేదని టీచర్‌కి తెలుసు. కాస్త విరగ్గొట్టి ఇవ్వు."

బ్యాంకు గుమాస్తా ఇంకో గోల. "ఇదేంటి, కుక్కా మేకా? మా అమ్మాయి చేసిందంటే మరీ ఇంత ఘోరంగానా? మా వంశంలో ఇంత మొద్దులెవరూ లేరు. ఒక మూతి అయినా పెట్టు!"

వీళ్ళందరినీ పంపించేసి మకోరి ఉలిని మళ్ళీ కుడి చేతికి తీసుకున్నాడు. కూతురి కోసం కొంగని మొదలుపెట్టాడు. ఒంటికాలి మీద నిలబడే కొంగ! రాయి మెత్తన, కాలు చిటికెనవేలంత సన్నం. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే పని మొత్తం గంగపాలు. తొమ్మిది రోజులు పట్టింది. బొచాబెరి నీళ్ళ తొట్టిలో ముంచి ముంచి గరుకు ఎమరీ కాగితంతో రుద్దింది. మెడ వంపు మీద వెలుతురు జారిపోతోంది.

కెరూబో వచ్చి పక్కన నిలబడింది. "నాన్నా, రెక్క దగ్గర ఒక్కసారి నేను..."

"ముట్టుకోకు!" మకోరి గావుకేక పెట్టాడు. "విరిగితే నీ హోంవర్క్ ఏం కావాలి?"

బడిలో ఆ బొమ్మల ప్రదర్శన రోజు మకోరి అరువు కోటు వేసుకుని వెళ్ళాడు. హాల్లో పొడవాటి బల్లల మీద తరగతి అంతటి పనీ పెట్టారు. ఒక్కో బొమ్మ పక్కన ఒక్కో కార్డు. చెవి తెగిన ఏనుగు: అంచనాలకు మించి. మూడున్నర కాళ్ళ దుప్పి: అంచనాలకు మించి. కొమ్ము విరిగిన ఖడ్గమృగం: అంచనాలకు మించి. ఆయన ఎడమ చేయి ఇరవై మూడుసార్లు ఫస్టున పాసైంది!

బల్ల చివర కొంగ ఉంది. జనం దాని చుట్టూ గుమిగూడి ఫోటోలు తీస్తున్నారు. మకోరి వాళ్ళని తోసుకుంటూ వెళ్ళి కార్డు చూశాడు.

అంచనాలకు దిగువన.

రెండంగల్లో స్టాఫ్‌రూమ్‌లో ఉన్నాడు. టీచర్ ఒమ్వెంగా బల్ల మీద ఒంగి సీసా మూతలకి జిగురు పూస్తున్నాడు.

"సార్! నా కొంగకి ఏమైంది? ఏం తక్కువైందో చెప్పండి!"

"ఒక్క నిమిషం ఆగవయ్యా, జిగురు ఆరిపోతుంది." టీచర్ తలెత్తలేదు. "మెట్టు వేసింది నేను కాదు. నాకు తీరికెక్కడిది? మా వాడు వేరే బడిలో ఏడో తరగతి. రేపటికి నేను గాలిమర ఇవ్వాలి. పోయినసారి నాకు దిగువనే వచ్చింది, మా ఆవిడ అన్నం పెట్టలేదు. అందుకని ఎవరి పనికి వాళ్ళనే మెట్టు వేసుకోమన్నా. ఆత్మపరిశీలన అంటారు దాన్ని. కొత్త పద్ధతిలో ఉందిలే."

"మరి కెరూబోకి..."

"కెరూబోనే వేసుకుంది. కాగితం అదుగో."

మకోరి కాగితం తీశాడు. కారణం రాయాల్సిన చోట కూతురి గుండ్రటి అక్షరాలున్నాయి. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. "ఈ కొంగని మా నాన్న చెక్కాడు. చాలా బాగుంది. నాకు ఉలి ఎలా పట్టుకోవాలో తెలియదు. ముట్టుకోనివ్వలేదు. అందుకని నేను దిగువన."

"చూశావా, నిజాయితీ!" టీచర్ మెచ్చుకోలుగా తల ఊపాడు. "ఇలాంటివాళ్ళు తరగతికి ఒకరుంటే ముచ్చటగా ఉంటుంది. ఎక్కువైతే బడి నడవదు. సరే, దిగువన వచ్చింది కాబట్టి సోమవారానికి మళ్ళీ చేసి ఇవ్వాలి. రూలు."

శనివారం పొద్దున మకోరి కూతురి ముందు ఒక రాయి పెట్టాడు. ఉలి చేతికిచ్చాడు. పట్టు చూపించాడు. ఆ తర్వాత రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

ఆయన జీవితంలో అంత బరువైన రాయి మోయలేదు! దెబ్బ పక్కకి పోయినప్పుడల్లా భుజాలు ఎగిరిపడేవి. మధ్యాహ్నానికి కెరూబో బొటనవేలికి గుడ్డకట్టు పడింది. బొచాబెరి రెండుసార్లు వచ్చి మొగుణ్ణి తిట్టి వెళ్ళింది. సాయంత్రానికి ఒక ఆకారం తేలింది.

"ఏంటో చెప్పు నాన్నా."

మకోరి అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "తాబేలా?"

"హిప్పో."

"హిప్పోనే! నేనన్నదీ అదేగా."

"పోనీలే, నాకూ తాబేలులానే ఉంది," అని కెరూబో పకపకా నవ్వింది. "తాబేలనే రాద్దాం. ఇంకో రాయి ఉందా? ఈసారి హిప్పో చేస్తా."

సోమవారం తాబేలు బడికెళ్ళింది. ఈసారి మెట్టు టీచరే వేశాడు. గాలిమర పని అయిపోయింది కదా, తీరిక దొరికింది! మంగళవారం కాగితం ఇంటికొచ్చింది. "అంచనాలకు దిగువన. పనిలో నేర్పు లేదు. ఇంటి నుంచి సహకారం బొత్తిగా లేదు. తండ్రి శనివారం తల్లిదండ్రుల సదస్సుకి తప్పక రావాలి."

న్యాయం ఎంత సూక్ష్మంగా పనిచేస్తుందో గమనించారా? ఎనిమిదో తరగతిలో ఒక్క పిల్ల తన చేత్తో తన పని చేసింది. బడి వెంటనే పసిగట్టి ఆ తండ్రిని పట్టుకుంది!

సదస్సులో ముఖ్య ఉపన్యాసం జెరూషాది. ఆ ఏడాది ఆదర్శ మాత ఆవిడే. విరిగిన కొమ్ము ఖడ్గమృగాన్ని పక్కన పెట్టుకుని గంటన్నర మాట్లాడింది. పిల్లలకి వేళకి తిండి పెట్టాలని, పని చేసే చోటు ఒకటి కేటాయించాలని, ప్రోత్సహించాలని, అన్నిటికన్నా ముఖ్యంగా పిల్లల పని పిల్లల చేతే చేయించాలని చెప్పింది. చప్పట్లు మోగాయి. మిగతా ఇరవై ఇద్దరు తల్లిదండ్రులూ వెనక్కి తిరిగి మకోరి వైపు జాలిగా చూశారు.

చివర్లో హెడ్మాస్టర్ లేచి కాగితాలు పంచాడు. "నా బిడ్డ చదువుకి నేనెలా తోడ్పడతాను?" అన్న విషయం మీద ప్రతి తల్లీ తండ్రీ ఒక పేజీ రాసి సోమవారం ఇవ్వాలి. దానికీ మెట్టు వేస్తారట.

మకోరి ఆ కాగితం మడిచి ఇంటికి తెచ్చాడు. బల్ల ముందు కూర్చుని పెన్ను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. ఏడో తరగతి తర్వాత ఆయన ఒక పేజీ రాసి ఎరగడు. మెల్లగా కాగితాన్ని కూతురి వైపు జరిపాడు.

"కెరూబో తల్లీ, నీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. నాలుగు ముక్కలు రాసిపెట్టవూ?"

కెరూబో కాగితం పైనుంచి కింది దాకా చదివింది. మళ్ళీ తండ్రి ముందుకే జరిపింది.

"నీ హోంవర్క్ నువ్వే చేసుకోవాలి నాన్నా. కావాలంటే పక్కన కూర్చుంటా. చెయ్యి మాత్రం పెట్టను."