నూట పదమూడో పేజీ

"ఈ ప్రభుత్వం ఇకమీదట పొగడ్తను సహించదు" అని సాంస్కృతిక శాఖ మంత్రిగారు ప్రకటించగానే సభ మొత్తం లేచి నిలబడి ఆరు నిమిషాలపాటు ఆయన్ని పొగిడింది.

మంత్రిగారు చెయ్యెత్తి వారించారు. ఈ ఏడాదిని నిర్మొహమాట పాఠక సంవత్సరంగా పాటిస్తున్నామని, ప్రతి గ్రంథాలయమూ మొహమాటం లేని పాఠకుణ్ణి ఒకణ్ణి గుర్తించి పేరు పంపాలని, వాళ్లలో మేటివాడికి తానే స్వయంగా పతకం తగిలిస్తానని సెలవిచ్చారు. మర్నాటికల్లా ఉత్తర్వు కూడా వెలువడింది. "సదరు పాఠకుడు ఎవరి మనసునూ నొప్పించని విధంగా నిర్మొహమాటి అయి ఉండవలెను. అభిప్రాయములను మూడు ప్రతులలో, పై అధికారి అనుమతితో, నిర్భయముగా వ్యక్తపరచవలెను" అని అందులో ఉంది. ప్రజాస్వామ్యం మీద ఇంత శ్రద్ధగా, ఇన్ని ప్రతుల్లో ప్రేమ చూపించిన ప్రభుత్వం మరొకటి ఉండదు.

రైలు గేటు పక్కనున్న శాఖా గ్రంథాలయానికి ఆ రోజు రెండు కవర్లు వచ్చాయి. ఒకదాంట్లో ఈ ఉత్తర్వు. రెండోదాంట్లో మూసివేత నోటీసు. రోజుకు ఇరవై మంది పాఠకులు రాని శాఖలను ఎత్తివేస్తున్నామని, గదిని మంత్రిగారి శిలాఫలకాలు భద్రపరిచే గోదాముగా మారుస్తామని నోటీసు చెబుతోంది. ఆ శాఖకు రోజుకు పద్దెనిమిది మంది వస్తారు. వాళ్లలో నలుగురు ఫ్యాను కోసం వస్తారన్న మాట లైబ్రేరియన్ ఎక్కడా రాయలేదు.

లైబ్రేరియన్ ఆ గదిలో పంతొమ్మిదేళ్లుగా పని చేస్తోంది. ఏడు బీరువాలు, నాలుగు బల్లలు, వాన పడితే ఏ బల్ల ఎటు జరపాలో తెలిసిన నేల. చదివినవాళ్లు పుస్తకం వాపసు ఇచ్చేటప్పుడు వెనక అట్టకు అంటించిన చీటీ మీద ఒక్క ముక్కయినా అభిప్రాయం రాయాలన్న నియమం ఆమె పెట్టుకున్నదే. నోటీసు చదివి ఆమె భయపడింది. అది ఉద్యోగం పోతుందన్న భయం ఒక్కటే కాదు. ఈ గది లేకపోతే తాను ఎవరో తనకే తెలియదన్న భయం.

అదృష్టవశాత్తూ నిర్మొహమాటానికి ఆమె వీధి దాటనక్కర్లేదు. సొంత మేనమామే ఉన్నాడు. ముప్పై రెండేళ్లు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని సైన్స్ ఫిక్షన్ అర మొత్తం నమిలేశాడు. ఆ చీటీలు ఇప్పటికీ ఉన్నాయి. "ఓడ కాంతి కంటే వేగంగా పోతుంది. దాని తలుపు మాత్రం ప్రతి అధ్యాయంలోనూ ఇరుక్కుంటుంది. గ్రీజు కనిపెట్టలేదా?" "మూడు వేలవ సంవత్సరంలో కూడా టీ ఆడవాళ్లే పెడుతున్నారు. ఇంక భవిష్యత్తు ఎందుకు?" సైన్స్ అయిపోయాక మిగతా అరల మీద పడ్డాడు. ఒక అపరాధ పరిశోధన నవల వెనక "హంతకుడెవరో నాకు పదో పేజీలో తెలిసింది. డిటెక్టివుకు రెండు వందల పేజీలు పట్టింది. రోజుకూలీ అయి ఉంటాడు" అని ఉంది. ఒక కవితా సంపుటి వెనక "రాయని చోట్ల బాగుంది" అని ఉంది.

"మామయ్యా, నీ పేరు పంపుతున్నాను. పతకం వచ్చిన చోటుకు తాళం వెయ్యలేరు. ఈ శాఖ ఉండాలన్నా పోవాలన్నా ఇంక నీ చేతుల్లోనే ఉంది" అంది లైబ్రేరియన్.

"నేనేం చెయ్యాలే?"

"మంత్రిగారు రాసిన సైన్స్ ఫిక్షన్ నవల చదివి అభిప్రాయం రాయాలి."

"ఎన్ని పేజీలు?"

"రెండొందల నలభై."

మామయ్య ఒకసారి గది నలుమూలలూ చూశాడు. "శాఖ అంత అవసరమా?" అన్నాడు.

"మామయ్యా!"

"సరే సరే. చదువుతాను. బాగుంటే బాగుందంటాను. బాగోకపోతే మాత్రం నా చేత అబద్ధం రాయించకు."

ఆ నవల పేరు 'పాలపుంతలో ప్రజాసేవ'. ప్రభుత్వ ముద్రణాలయంలో పన్నెండు వేల ప్రతులు వేసి శాఖకు అయిదు చొప్పున పంచారు. పదకొండు నెలల్లో దాని మీద పద్నాలుగు సమీక్షలు, రెండు పరిశోధన గ్రంథాలు, ఒక బహుమతి వచ్చాయి. శాఖలోని అయిదు ప్రతులూ ఇస్త్రీ మడత నలగకుండా ఉన్నాయి.

తొమ్మిదో రోజున మామయ్య పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. చీటీ మీద ఇలా ఉంది. "మొదటి 112 పేజీలు: హీరో కొత్త గ్రహం మీద దిగీ దిగగానే రిబ్బన్ కత్తిరిస్తాడు. అక్కడ గాలి లేదు, కత్తెర ఉంది. 113 నుంచి 128 వరకు: అద్భుతం. ఒక్క మాట ఎక్కువ లేదు. చదివినవాడు లేచి పని చెయ్యగలడు. రాసినవాడికి చేతులున్నాయి. 129 నుంచి: మళ్లీ రిబ్బన్లు."

లైబ్రేరియన్ ఆత్రంగా నూట పదమూడో పేజీ తీసింది. "చేతిపంపు నుండి నీరు రాకపోవుటకు కారణములు నాలుగు. మొదటిది, లోపలి వాషరు అరిగిపోవుట" అని మొదలైంది. బొమ్మలతో సహా పదహారు పేజీలూ అదే. మిగతా నాలుగు ప్రతులూ తెరిచి చూసింది. నాలుగింట్లోనూ పంపే ఉంది. పుస్తకాలు కుట్టే పని ఆమెకు కొంత తెలుసు. పదహారేసి పేజీల ఫారాలు దొంతరలుగా పేర్చి, వరసగా తీసి కుడతారు. ఒకే ముద్రణాలయం, ఒకే కాగితం, ఒకే సైజు అక్షరాలు. నీటి సరఫరా శాఖ వాళ్లు మళ్లీ అచ్చు వేయిస్తున్న మరమ్మతు పుస్తకంలోని ఎనిమిదో ఫారం దొంతర, మంత్రిగారి నవలలో ఎనిమిదో దొంతర చోట వచ్చి కూర్చుంది.

"మామయ్యా, ఇది పంపుల పుస్తకం!"

"తెలుసు. ఎంత బాగా రాశాడో చూశావా?"

"పొరపాటున నవల్లో కలిపి కుట్టేశారు!"

"అది వాళ్ల గొడవ. అట్టల మధ్య ఉన్నది చదివి రాయమన్నావు. రాశాను."

ఈ సంగతి పైకి రాయాలా వద్దా అని ఆమె రెండు రోజులు మథనపడింది. రాస్తే పన్నెండు వేల ప్రతులు, పద్నాలుగు సమీక్షలు, ఒక బహుమతి కలిసి వచ్చి తన నెత్తిన పడతాయి. సాయంత్రానికల్లా శిలాఫలకాలు దిగుతాయి. నోరు మూసుకుంది. తప్పు చేస్తున్నానని తెలిసే మూసుకుంది.

మూడో రోజున మంత్రిగారి పీఏ వచ్చాడు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. జేబులో ఎర్ర సిరా పెన్ను ఉంది. చీటీ చదివి, మొదటి 112 పేజీల మాటా 129 తర్వాతి మాటా కొట్టేశాడు. మధ్య ముక్క దగ్గర ఆగాడు.

"ఆ పేజీలు నిజంగా అంత బాగున్నాయన్నారా ఆయన?" అన్నాడు నెమ్మదిగా.

"అన్నాడండి" అంది లైబ్రేరియన్. "పుస్తకం తీసి చూస్తారా?"

"అక్కర్లేదమ్మా. ఆ పేజీలు నాకు కంఠతా వచ్చు." పీఏ నవ్వాడు. గుమ్మం దిగుతూ కూడా నవ్వుకుంటూనే వెళ్లాడు. ఆ నవ్వు చూసి లైబ్రేరియన్‌కు ఎందుకో జాలి వేసింది.

మేటి పాఠకుడు మామయ్యేనని తేల్చి పతకం సభ ఆ గదిలోనే పెట్టారు. పద్దెనిమిది మంది పట్టే చోట రెండు వందల మందిని కుక్కారు. పాఠకులకు చోటు చాలక వాళ్లను బయట నిలబెట్టారు. మంత్రిగారు మామయ్య కోటుకు పతకం గుచ్చి, "నిప్పులాంటి ఈ పాఠకుడు నా నవలలో పదహారు పేజీలను మెచ్చుకున్నాడు. వాటిని మీకు నేనే చదివి వినిపిస్తాను" అన్నారు.

లైబ్రేరియన్ బీరువా పట్టుకుని నిలబడింది. కళ్లు మూసుకుంది.

"చేతిపంపు నుండి నీరు రాకపోవుటకు..." మంత్రిగారు అర క్షణం ఆగారు. అర క్షణమే. ఎవరు ఏ కాగితం చేతికిచ్చినా ఇరవై ఏళ్లుగా తడబడకుండా చదువుతున్న నాయకుడు. కారణాలు నాలుగూ చదివారు. "అరిగిపోయిన వాషరును మొహమాటం లేక తీసి పారవేయవలెను" దగ్గర ప్రతిపక్షం గుర్తొచ్చి జనం ఈలలు వేశారు. "మొహమాటం లేక" అన్న మాట పుస్తకంలో లేదు, ఆయన అప్పటికప్పుడు చేర్చింది. "పిడిని నలభైసార్లు కొట్టవలెను. నీరు రానియెడల మరల కొట్టవలెను" దగ్గర ఆయన గొంతు పూడుకుపోయింది. ముందు వరసలో ప్రొఫెసరుగారు కళ్లద్దాలు తుడుచుకుని, "ఇక్కడ పంపంటే పంపు కాదు" అని పక్కనున్న విలేకరికి చెప్పి రాయించారు.

"మూడు రాత్రులు ఏడుస్తూ రాశానండీ ఈ పేజీలు" అన్నారు మంత్రిగారు.

గోడ వారగా నిలబడ్డ పీఏ మొహంలో నెత్తురు చుక్క లేదు. బల్ల మీది ప్రతి తీసి నూట పదమూడో పేజీ చూశాడు.

మూసివేత నోటీసును మంత్రిగారు అక్కడికక్కడే నిలిపివేశారు. రద్దు చెయ్యలేదు, నిలిపివేశారు. నెలనెలా ఒకటో తేదీకల్లా మామయ్య నిర్మొహమాట అభిప్రాయం ఒకటి అందుతున్నంత కాలం శాఖ ఉంటుంది. అందని నెల గోదాము అవుతుంది.

సభ వార్త పేపర్లో చదివి ముద్రణాలయం మేనేజరు తల పట్టుకున్నాడట. ఆయన నిజాయితీపరుడు, అంటే అభాగ్యుడు. ఎవరికీ చెప్పకుండా తప్పు దిద్ది రెండో కూర్పు వేశాడు. శాఖకు మళ్లీ అయిదు ప్రతులు వచ్చాయి. మామయ్య చదివి చీటీ రాశాడు. "ఇందులో 113 నుంచి 128 వరకు ఎవరో మార్చేశారు. హీరో తల్లికి ఉత్తరం రాస్తున్నాడు. పాతవే నయం."

ఆ నెల అభిప్రాయం పట్టుకుపోవడానికి వచ్చిన పీఏ ఆ చీటీని రెండుసార్లు చదివాడు. ఎర్ర పెన్ను తియ్యలేదు.

"అంత బాగాలేదా అండీ ఉత్తరం?" అన్నాడు మామయ్యతో.

"పదహారు పేజీలు బాబూ. అంతసేపు అమ్మ మాత్రం ఎందుకు చదువుతుంది?"

"అది రాయడానికి నాలుగు నెలలు పట్టింది." పీఏ గబుక్కున సర్దుకున్నాడు. "మంత్రిగారికి."

మామయ్య అతని వంక ఎగాదిగా చూశాడు. పుస్తకం తెప్పించి ఒక పేజీ తీసి వేలు పెట్టాడు. "ఈ ఒక్క ముక్క బాగుంది. 'అమ్మా, ఇక్కడ దేనికీ బరువు లేదు. నీకిచ్చిన మాట ఒక్కటే మొయ్యలేకుండా ఉన్నాను.' ఇది రాసినవాడు మనిషి."

"మిగతాదంతా?"

"చెత్త."

పీఏ ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. చీటీని మడిచి, ఫైల్లో కాకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కానీ ఫైల్లో పెట్టాల్సిన ప్రతులు ఇంకా రెండున్నాయి, అవి మంత్రిగారి బల్ల చేరాయి.

వారం తిరక్కుండా విచారణ జరిగింది. తన నవలలోంచి గుండెకాయ లాంటి పదహారు పేజీలు పెరికి, ఎవడో రాసిన ఏడుపు ఉత్తరం ఇరికించారని మంత్రిగారు మండిపడ్డారు. మేనేజరు పంపుల పుస్తకం తెచ్చి చూపించాడు. అది మొదటిసారి ఇరవై రెండేళ్ల కిందట అచ్చయింది. దాంతో విషయం తేలిపోయింది. మంత్రిగారి నవలను నీటి సరఫరా శాఖే కాపీ కొట్టింది. నవల రాకముందే ఎలా కొట్టిందని కమిటీలో ఒకాయన అడిగితే, సైన్స్ ఫిక్షన్‌లో కాలం ఎటైనా నడుస్తుందని ప్రొఫెసరుగారు సాక్ష్యం చెప్పారు. మేనేజరును సస్పెండ్ చేశారు. ఆ కాపీ కాలం వెనక్కి నడిచి జరిగిందని, పంపు మెకానిక్కుల దగ్గరున్న మరమ్మతు పుస్తకాలన్నీ జప్తు చెయ్యాలని, రెండో కూర్పులోని 113 నుంచి 128 పేజీలు మంత్రిగారివి కావని, వాటి రచయిత ఎవరో తెలియరాలేదని ఉత్తర్వు వచ్చింది. విచారణాధికారి సంతకం పీఏగారిది.

లైబ్రేరియన్ ఆ ఉత్తర్వును నోటీసు బోర్డుకు గుచ్చింది. మామయ్య లేచి వెళ్లి, నిలబడి, ఆసాంతం చదివాడు. తిరిగి వచ్చి చీటీ అడిగాడు.

"ఈమధ్య చదివిన సైన్స్ ఫిక్షన్‌లో ఈ విచారణ ఉత్తర్వే మేలు. చిన్నది. రిబ్బన్లు లేవు. కాలం వెనక్కి నడవడం ఇంత ధైర్యంగా రాసినవాణ్ణి చూడలేదు. పాత్రలు మాత్రం నమ్మేట్టు లేవు" అని రాసి ఆమె చేతిలో పెట్టాడు.

"మామయ్యా, ఇంక మూడు రోజుల్లో ఒకటో తారీఖు. ఇది పంపితే మన కొంప మునుగుతుంది. ఇంకోటి రాయి."

"అబద్ధం రాయను. రాయకుండా ఉండమంటే ఉంటాను. నీ గది, నీ ఇష్టం."

ఆమె ఆ మధ్యాహ్నమంతా సీటులో కుదురుగా కూర్చోలేకపోయింది. ఒకసారి తప్పని తెలిసే నోరు మూసుకుంది. ఆ నోరు మూసుకోవడం వల్ల ఒక మేనేజరు ఇంటికి పోయాడు, ఇంకొకడు తన రాతను తనది కాదని సంతకం పెట్టాడు. గది పోతే పోనీ అనుకుంది. అయిదింటికి చీటీకి మూడు నకళ్లు రాసి, ముద్ర కొట్టి, పీఏ వచ్చేదాకా ఆగకుండా తనే నడిచి వెళ్లి పోస్టులో వేసింది. ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

జవాబు నాలుగు రోజుల్లో వచ్చింది, ఒక పెద్ద పార్సెలుతో. కవరు మామయ్యే చింపాడు.

"మీ నిర్మొహమాట అభిప్రాయము మంత్రివర్యులకు మిక్కిలి నచ్చినది. మీ శాఖను శాశ్వతము చేయడమైనది. మీ పాఠకుడు మెచ్చిన విచారణ ఉత్తర్వును అందమైన అట్టతో ముద్రించి నలభై ప్రతులు పంపుచున్నాము. వాటిని సైన్స్ ఫిక్షన్ అరలో ఉంచి రసీదు పంపగలరు. సదరు ఉత్తర్వును మంత్రివర్యులే స్వయముగా రచించినట్లు పాఠకునికి తెలియజేయవలసినదిగా వారు కోరినారు."

కింద పీఏగారి సంతకం ఉంది.